ఒకే బిందువు మీద నిలబెట్టిన సిద్ధాంతం

ఇప్పటికి మూడు రిజిస్టరు ఉత్తరాలు పంపాను. మూడూ అందినట్టు కార్డులు తిరిగి వచ్చాయి. మొదటి కార్డు మీద సంతకం మా సారుదే. మిగతా రెండూ ఆయన ఇంట్లో ఎవరో చేసినవి. జవాబు మాత్రం దేనికీ రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే రెండు నీలం గీతలు పడతాయి. అంటే చదివారు, చదివి పక్కన పెట్టారు. నన్ను పక్కన పెట్టడం ఆయనకు కొత్త కాదు, పక్కన పెట్టించుకోవడం నాకూ కొత్త కాదు. అయితే ఇంతకు ముందు దానివల్ల వచ్చిన నష్టం నాకొక్కడికే. ఈసారి అట్లా కాదు గనక, ఓపిక లేకపోయినా కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నేను చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. సారు తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. నలభై దాటిన తర్వాత ఆయన కింద పార్ట్‌టైం పీహెచ్‌డీకి చేరాను. శనివారం మధ్యాహ్నం కాలేజీ వదలగానే బస్సెక్కి తిరుపతికి పోవడం, సారు గది బయట బల్ల మీద కూర్చోవడం, ఆయన పిలిస్తే లోపలికి పోవడం, పిలవకపోతే చీకటి పడేలోపు మళ్లీ బస్సెక్కడం. అట్లా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఆయన నన్ను పేరుతో పిలిచింది ఒక్కసారి కూడా లేదు. ‘ఏమప్పా చిత్తూరాయనా’ అనేవారు. మామిడికాయల కాలంలో అయితే నేను గుమ్మంలో కనిపించగానే నా చేతుల వైపు చూసేవారు.

‘బేనిషా పండ్లు తెచ్చినావా, ఊరికే వచ్చినావా?’

ఊరికే పోయిన రోజు నా కాగితాలు బ్యాగులోంచి బయటికే రాలేదు. ఒక సదస్సులో నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, భోజనాలు సిద్ధమయ్యాయని ఐదు నిమిషాలకే గంట కొట్టారు. గంట కొట్టింది సారే. ఇవన్నీ మర్చిపోమని మా ఆవిడ చెబుతుంది. అది నా చేతిలో లేదు. అదే మనిషి మా నాయన పోయినప్పుడు తిరుపతి నుంచి వచ్చి, మధ్యాహ్నం దాకా మా ఇంటి ముందు ఎండలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నారు. అదీ నేను మర్చిపోలేదు.

మేము పనిచేసిన విషయం గురించి కాస్త చెప్పాలి. చెప్పకపోతే నా ఫిర్యాదు అర్థం కాదు.

గణితంలో ఒక పెద్ద భాగం, ఉన్నవాటిలో మేలైనదాన్ని వెతకడం. ఒక నేల ఉంది, అందులో అన్నిటికంటే పల్లపు చోటు ఎక్కడో కనుక్కోవాలి. వెతకడం మొదలుపెట్టే ముందు ఆ సమస్య వెతకదగ్గదేనా అని అడిగేవాళ్లం మేము. దాన్నే వెల్‌పోజ్డ్‌నెస్ అంటారు. సమస్యను సరిగ్గా కూర్చారా లేదా అని చూడటం. జవాబు ఉండాలి. ఒక్కటే ఉండాలి. మూడోది అసలైనది. దాదాపు సరైన జవాబులు మనల్ని సరైన జవాబు దగ్గరికే తీసుకుపోవాలి. యంత్రం లెక్క వేసినా మనిషి వేసినా దొరికేది దాదాపు జవాబే కాబట్టి, ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉండి లాభం లేదు. ఒకచోట లోతైన గుంట ఉందనుకోండి. కానీ చాలా దూరాన నేల కొంచెం కొంచెంగా దిగుతూ, ఎప్పటికీ ఆ లోతును అందుకోకుండా, దాని దరిదాపుల్లోకి వస్తూ పోతుంది. అటు నడిచేవాడు తన లోతును కొలుచుకుని, ఇంకేముంది వచ్చేశాననుకుంటాడు. వేసే ప్రతి అడుగుతో అతను గుంటకు దూరమవుతున్నాడు. అటువంటి సమస్య సరిగ్గా కూర్చింది కాదు.

ఈ రంగంలో పనిచేసే పద్ధతి ఒకటుంది. ఎవరో ఒక సిద్ధాంతం అచ్చు వేస్తారు. అందులోంచి ఒక షరతు తీసి, వేరే పేపరులోంచి ఇంకొకటి తెచ్చి అతికిస్తే కొత్త సిద్ధాంతమవుతుంది. తప్పేమీ కాదు, అందరూ చేసేదే. నా మూడో అధ్యాయంలో నిరూపణ ఒకచోట ఆగిపోయింది. జవాబు ఒక్కటే అని తేల్చలేకపోయాను. సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అన్నారు.

‘దానికెందుకప్పా అంత అగచాట్లు? ఆ పక్క పేపర్లో గట్టి షరతు ఒకటుండాది. దాన్ని తెచ్చి ఈడ పెట్టు. అంతా అదే సరిపోతాది.’

తెచ్చి పెట్టాను. అన్నీ సరిపోయాయి. రెండు నెలలు కదలని నిరూపణ ఒక సాయంత్రంలో పూర్తయింది. అంత సులువుగా వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, సంతోషం వచ్చింది. సారు పేరు, నా పేరు కలిపి ఒక పత్రికకు పంపాం. అచ్చయింది.

తప్పు బయటపడింది నా కాలేజీ అలవాటు వల్ల. డిగ్రీ పిల్లలకు సిద్ధాంతం చెప్పి ఊరుకుంటే కుదరదు. ‘సార్, ఒక లెక్క చేసి సూపించండి’ అంటారు. ఇన్నేళ్లలో నాకు అది ఒంటికి పట్టింది. థీసిస్ టైపు చేయించే ముందు, మా సిద్ధాంతానికి కూడా ఒక లెక్క చేద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. చిన్న ఉదాహరణ తీసుకున్నాను, కుదరలేదు. ఇంకా చిన్నది తీసుకున్నా కుదరలేదు. చివరికి రెండే రెండు బిందువులు, అంటే రెండే చోట్లున్న నేల తీసుకున్నాను. అప్పటికీ కుదరకపోతే, ఎందుకు కుదరదో రెండు వరుసల్లో రాసి చూసుకున్నాను. రాసిన తర్వాత చాలాసేపు ఆ కాగితం ముందు నుంచి లేవలేదు.

మా ఆవిడ కందిపప్పులో రాళ్లు ఏరుతూ ఎదురుగా కూర్చుని ఉంది.

‘ఏమైనాది? మొగమట్ల పెట్టినారే?’

చెప్పాను. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతే ఒంట్లో బలం కొంత ఖర్చవుతుంది, లేదా పెరుగుతుంది. కదలకుండా ఉంటే ఖర్చు సున్నా. మేము పెట్టిన మొదటి షరతు ప్రకారం ఎక్కడికి పోయి తిరిగి వచ్చినా, బయల్దేరినప్పటికంటే బలం ఎక్కువ ఉండకూడదు. సారు తెమ్మన్న రెండో షరతు ప్రకారం పోయి తిరిగి వస్తే, బయల్దేరినప్పటికంటే బలం ఎక్కువ ఉండి తీరాలి.

ఆమె చెయ్యి ఆగింది. ‘రెండూ ఎట్ల కుదురుతాయి?’

‘కుదరవు. వేరే చోటంటూ లేకపోతే కుదురుతాయి.’

‘అంటే ఇల్లు కదలగూడదు, అంతే కదా?’

‘అంతే.’

‘ఈ మాట కనుక్కోను నాలుగేండ్లు తిరుపతి బస్సుల్లో తిరిగినారా?’

నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఆ ఒక్క పూటకు. మా సిద్ధాంతంలో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ అది వర్తించేది ఒకే ఒక్క బిందువు ఉన్న చోటికి మాత్రమే. ఉన్నది ఒక బిందువే అయినప్పుడు వెతికేది ఏముంటుంది? పోగొట్టుకునేది ఏముంటుంది? సరిగ్గా కూర్చిన సమస్యల గురించి మేము అచ్చు వేసుకున్న పేపరులో సమస్యే లేదు.

ఆ తర్వాతి శనివారం ఆ కాగితం తీసుకుని పోయాను. సారు రెండు వరుసలూ చదివారు. వెంటనే అర్థమైంది ఆయనకు. అర్థం కాకపోవడానికి ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

‘ప్రూఫులో తప్పు యాడైనా ఉండాదా?’ అన్నారు.

‘లేదు సార్. ప్రూఫు సరిగ్గానే ఉండాది. అది పనికొచ్చే సమస్యే లేదు.’

‘ఉండాది కదప్పా, ఒక బిందువు.’

‘ఒక బిందువుకు సిద్ధాంతమెందుకు సార్?’

‘అట్లంటే లోకంలో శానా పేపర్లు తీసి పారేయాల. ఉదాహరణ ఎవురడగతారు? నువ్వు ఆ కాలేజీ పిలకాయిలకు లెక్కలు చెప్పీ చెప్పీ ఇట్ల తయారైనావు. పో, టైపు చేయించుకోని రా.’

నేను ఊరుకోలేదు. ఆ అధ్యాయం చివర, రెండు బిందువులకు ఇది వర్తించదని ఒక గమనిక రాశాను. సారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశారు. మూడోసారి రాయలేదు. అప్పటికి నాకు అలసట వచ్చింది. వైవాలో ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు చెబుతానులే అనుకున్నాను. ఆ రెండు వరుసలూ పెద్ద అక్షరాల్లో చివరి స్లైడుగా పెట్టుకుని పోయాను.

తిరుపతిలో వైవా అంటే ఒక ఆనవాయితీ ఉంది. బయటి ఊరి నుంచి వచ్చే పరీక్షకుడికి కొండ మీద దర్శనం ఏర్పాటు చేసే బాధ్యత విద్యార్థిది. దానికి సిఫారసు ఉత్తరం సంపాదించాలి, కారు మాట్లాడాలి. వేరే ఊళ్లకు పరీక్షకులు దొరకరు గానీ తిరుపతికి పిలిస్తే భార్యాసమేతంగా వస్తారు. నా పరీక్షకుడు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. మంచి మనిషే. దర్శనం మూడు గంటలకు. రైలు ఆలస్యమై ఆయన వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆయన భార్య పట్టుచీరలో కారులోనే కూర్చుని ఉంది. నేను రెండో అధ్యాయంలో ఉండగా ఆయన గడియారం చూసుకున్నారు.

‘థియరీ చాలా బావుందండీ. మరి దీనికి అప్లికేషన్లు ఏవైనా ఉన్నాయా మాస్టారూ?’

నేను నోరు తెరిచేలోపు సారు అందుకుని, ‘ట్రాఫిక్ సమస్యల్లో వాడతారు సార్’ అన్నారు.

‘చాలా సంతోషం. అలిపిరి దగ్గర చెకింగుకి ఎంతసేపు పడుతుందంటారు?’

అంతే. సంతకాలు అయ్యాయి. ఎవరో శాలువా కప్పారు. నా చివరి స్లైడు లాప్‌టాప్‌లోనే ఉంది. ఒక్క బటన్ నొక్కితే తెర మీదికి వచ్చేది. నేను నొక్కలేదు. సారును జవాబు అడగబోయే ముందు నా తప్పు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మా ఆవిడ ‘డాక్టర్’ అని రాయించిన పేరు పలకను నేను గోడకు కొట్టనివ్వలేదు. అది బీరువా మీద అట్టపెట్టెలోనే ఉంది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నా పేరు ముందు డాక్టర్ లేదని కాలేజీలో కొందరు ఎగతాళి చేశారు. అదీ గుర్తుంది, పోనీండి.

పోయిన వేసవిలో ఒక అమ్మాయి మా కాలేజీకి వచ్చింది. ఏర్పేడు దగ్గర ఒక పెద్ద విద్యాసంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. సొంతూరు పలమనేరు పక్కన. ఎండలో బస్సు దిగి వచ్చి, స్టాఫు రూములో ఫ్యాను కింద లాప్‌టాప్ తెరిచింది. తెర మీద మా పేపరు, పసుపు రంగు గీతలతో. అన్నేళ్ల తర్వాత నా పేరును అట్లా చూసేసరికి మొదట గర్వంగా అనిపించింది. అబద్ధమాడను.

‘సార్, మూడో సిద్ధాంతానికి ఒక్క ఉదాహరణ ఉంటే చెప్పండి సార్. రెండేండ్లుగా నా థీసిసంతా దీని మీదే. నేను ఏం పెట్టినా ప్రోగ్రాం నిలబడలేదు. ఒక షరతు సరిపోతే ఇంకోటి పడిపోతాది. నా కోడులోనే తప్పుండాదని ఏడు నెలలుగా దాన్నే తిప్పీ తిప్పీ రాస్తా ఉండాను.’

కాగితం తీసుకుని రెండు వరుసలూ రాసి ఆమె ముందుకు జరిపాను. చదివింది. పెన్ను తీసుకుని కింద ఇంకోసారి తనే చేసి చూసుకుంది. తర్వాత లాప్‌టాప్ మూసేసింది.

‘ఇది మీకు ముందే తెలుసా సార్?’

‘తెలుసు.’

‘ఎప్పుటి నుంచి?’

‘నువ్వు ఇంటర్ చదవతా ఉన్నెప్పటి నుంచి అనుకుంటా.’

‘మరి ఎవురికీ చెప్పలేదా?’

‘నన్నెవురూ అడగలేదమ్మా.’

‘అడిగితేనే చెప్తారా సార్?’

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా మీద పడిన మాటలన్నీ లెక్కపెట్టుకుని ఉంచుకున్నవాణ్ణి, ఈ మాటను ఆ లెక్కలో వేయలేను. కాలేజీ క్యాంటీన్ నుంచి టీ తెప్పించాను. తాగకుండానే లేచింది. బస్సు ఉందంది.

ఆ అమ్మాయి చురుకైనది. నెల తిరక్కుండానే ఆ రెండు వరుసలనూ ఒక చిన్న వ్యాసంగా రాసి అదే పత్రికకు పంపింది. పత్రికలకు ఒక మర్యాద ఉంది. ఒకరి సిద్ధాంతాన్ని తప్పుపడుతూ ఏదైనా వస్తే, అచ్చు వేసే ముందు మొదటి రచయితలను సంజాయిషీ అడుగుతారు. మా పేపరులో ఉత్తరాలు పంపడానికి ఇచ్చిన చిరునామా సారుది. వాళ్లు సారుకు రాశారు. సారు జవాబు ఇవ్వలేదు. మళ్లీ రాశారు, ఇవ్వలేదు. ఆమె చెప్పింది నిజమేనని నేను రాస్తే, చిరునామా ఇచ్చిన రచయిత నుంచి రావాలని ఒక్క వాక్యం పంపారు. ఆమె వ్యాసం అక్కడే ఆగిపోయింది. అక్కడ ఏదో ఒకటి తేలితే తప్ప థీసిస్ విషయం మార్చుకోవడానికి కుదరదని ఆమె కమిటీ చెప్పింది. అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి అచ్చులోనే ఆధారం కావాలన్నారు. వాళ్లనూ తప్పుపట్టలేను. ఆమె గడువు ఈ సంవత్సరంతో అయిపోతుంది. తర్వాత ఆమె చదువు ఆగిపోతుంది, ఒకే బిందువు ఉన్న మా సిద్ధాంతం మాత్రం ఎప్పటిలాగే అచ్చులో ఉంటుంది.

ఉత్తరాలకు పలకడం లేదని నేనే తిరుపతికి పోయాను. సారు రోజూ ఉదయం అలిపిరి మెట్లు కొంత దూరం ఎక్కి దిగుతారని తెలుసు. పాదాల మండపం దాటాక కనిపించారు. మా ముందు ఒకామె ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వంగి లేస్తూ ఎక్కుతోంది. ఆమె వెనక మేమూ అంతే నెమ్మదిగా నడిచాం.

‘ఏమప్పా చిత్తూరాయనా, మొక్కుబడా?’

‘కాదు సార్. మీకోసరమే వచ్చినాను. ఆ పత్రికకు జవాబు రాయలేదు మీరు.’

‘రిటైరైనోన్ని నన్నెందుకబ్బా పీడిస్తావు? ఆ పేపరు ఎవురు చదివినారు?’

‘ఒకామె చదివింది సార్. రెండేండ్లు పోగొట్టుకునింది.’

సారు మెట్టు మీద ఆగారు. ఊపిరి అందక ఆగారో, మాటకు ఆగారో తెలియదు.

‘దాని మీద ఇంకో మూడు పేపర్లు కట్టినా నేను. నీకు తెల్దు. ఇది ఖాళీదని రాసిస్తే అవి ఏం గావాల? నా దగ్గర చదివినోళ్లు ఏం గావాల? ఆ పిల్లను వేరే విషయం తీసుకోమను.’

‘తీసుకోవాలంటే మీరు జవాబు రాయాల సార్. రెండు వాక్యాలు. నేనే టైపు చేసి తెచ్చినాను, సంతకం పెడితే చాలు.’

కాగితం తీసి ఇచ్చాను. పెన్ను కూడా ఇచ్చాను. కాగితం మాత్రం తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

‘చూస్తాంలే.’

కుంకుమ పెడుతున్న ఆమెను పక్కగా దాటుకుని పైకి పోయారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నా మోకాళ్లు అంత వేగాన్ని అందుకోలేవు. పెన్ను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన తిరిగి దిగే దారి అదే కదా అని గంటన్నర కూర్చున్నాను. ఆయన ఆ రోజు కొండ పైదాకా ఎక్కి, అటునుంచి బస్సులో దిగిపోయారని తర్వాత తెలిసింది.

అది జరిగి మూడు నెలలు. మీ మీద కోపం చూపించే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు సార్. గది బయట బల్ల, ఎర్రపెన్ను, ఐదు నిమిషాల గంట, వాటికి మీరు జవాబు చెప్పక్కర్లేదు. అవన్నీ నాతోనే ఉంటాయి, నాతోనే పోతాయి. నేను అడుగుతున్నది ఒక్కటి. రెండు బిందువులున్న ఒక్క ఉదాహరణ చూపించండి. చూపిస్తే ఇక్కడ రాసినదంతా తప్పని నేనే ఒప్పుకుని, మళ్లీ మీ గుమ్మం తొక్కను. చూపించలేకపోతే ఆ రెండు వాక్యాల కింద సంతకం పెట్టి పత్రికకు పంపండి. రెండూ చేయనంటారా, ఎందుకు చేయరో నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. ఏర్పేడులో ఆ అమ్మాయి ఎదురు చూస్తోంది. ఆమెకు చెప్పండి, ఈ సంవత్సరం లోపల.